‘టెల్ మీ’ సరైనదైతే ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ ఎందుకు కాదు?

మీరు రాసిన ఒక ఉత్తరంలో పై అధికారి నాలుగు వాక్యాలు దిద్దారనీ, అవి ఎందుకు తప్పో ఆయన చెప్పలేదనీ, వ్యాకరణ పుస్తకం తిరగేసినా సూత్రం దొరకలేదనీ రాశారు. ఆ నాలుగు వాక్యాలనూ ముందుగా ఇక్కడ ఉంచుతాను. మొదటిది ‘ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ మీ ది ప్రాబ్లమ్’. రెండవది ‘వి డిస్కస్డ్ ఎబౌట్ ఇట్ విత్ హిమ్’. మూడవది ‘ఐ హావ్ ది ఫారమ్, ఐ విల్ ఫిల్ ఇన్ ఇట్ టుడే’. నాలుగవది ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీట్ యు’. వీటితోపాటు మీరు అడిగిన సందేహం ఇది: ‘టెల్ మీ’ ఒప్పయినప్పుడు ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ ఎందుకు తప్పు, ‘లుక్ ఎట్ ఇట్’ ఒప్పయినప్పుడు ‘ఫిల్ ఇన్ ఇట్’ ఎందుకు తప్పు?

తెలుగు మాతృభాషగా ఉన్న పెద్దవాళ్లకు నేను ఇరవై ఏళ్లకు పైగా ఇంగ్లీషు బోధిస్తున్నాను. ఈ నాలుగు తప్పులూ దాదాపు ప్రతి తరగతిలోనూ నాకు ఎదురవుతాయి. బాగా చదువుకున్నవాళ్లు, ఇంగ్లీషులో వేల పేజీలు చదివినవాళ్లు కూడా వీటిని చేస్తారు కాబట్టి ఇది శ్రద్ధ లేకపోవడం వల్ల వచ్చే తప్పు కాదు. చూడటానికి నాలుగూ నాలుగు రకాలుగా కనిపించినా వాటి మూలం ఒక్కటే. రెండు భాషలూ ఒకే పనిని రెండు వేరువేరు చోట్ల పెట్టుకున్నాయి.

తెలుగులో సంబంధాన్ని చెప్పే గుర్తు నామవాచకానికో సర్వనామానికో అంటుకొని ఉంటుంది. నన్ను, నాకు, నాతో, నాలో, నా వల్ల, నా కోసం అన్న మాటలను క్రియ లేకుండా విడిగా పలికినా, నేను ఆ పనిలో ఏ స్థానంలో ఉన్నానో వినేవాడికి సగం అర్థమవుతుంది. చిన్నప్పుడు ‘డుమువులు ప్రథమా విభక్తి’ అంటూ మనం వల్లె వేసిన పట్టిక అంతా పేరు చివర ఏది చేరుతుందో చెప్పేదే. గుర్తు పేరుతోనే ఉంటుంది కనుక ‘నాకు పుస్తకం ఇచ్చాడు’ అన్నా ‘పుస్తకం నాకు ఇచ్చాడు’ అన్నా అర్థం చెడదు. ఇంగ్లీషులో ‘మీ’ అన్న ఒక్క రూపమే నన్ను, నాకు అన్న రెండు పనులనూ చేస్తుంది. ముందు ‘విత్’ చేరితే నాతో అవుతుంది, ‘ఫర్’ చేరితే నా కోసం అవుతుంది. ఇలాంటి చిన్న మాటల్లో, అంటే ప్రిపొజిషన్లలో, ఏది చేరాలో, అసలు చేరాలో వద్దో, సర్వనామం ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించే అధికారం ఇంగ్లీషులో క్రియది. మనం మాత్రం అలవాటు కొద్దీ విభక్తి నుంచి బయలుదేరి, ‘తో’ అంటే ‘విత్’, ‘కి’ అంటే ‘టు’, ‘గురించి’ అంటే ‘ఎబౌట్’ అని ఒక లెక్క వేసుకుంటాం. ఆ లెక్క కొన్నిసార్లు కుదురుతుంది. ‘అతని మీద ఆధారపడ్డాను’ అన్నదానికి ‘ఐ డిపెండెడ్ ఆన్ హిమ్’ చక్కగా సరిపోతుంది. ‘అతనితో చెప్పాను’ అన్నదానికి మాత్రం ‘ఐ టోల్డ్ హిమ్’ అనాలి, ‘ఆమెకు అతనితో పెళ్లయింది’ అంటే ‘షి ఈజ్ మ్యారీడ్ టు హిమ్’ అనాలి. రెండు చోట్లా మన ‘తో’ ఉంది, ఒక్క చోటా వాళ్ల ‘విత్’ లేదు.

అందుకే నా విద్యార్థులకు మొదటి రోజు నుంచి ఒకే మాట చెబుతాను. ఏ ఇంగ్లీషు క్రియనూ ఒంటరిగా రాసుకోకండి. దాని పక్కన ‘ఇట్’ గానీ ‘హిమ్’ గానీ చేర్చి రాసుకోండి. ‘వెయిట్ అంటే ఎదురుచూడటం’ అని రాసుకుంటే మీకు సగమే తెలిసినట్టు. ‘వెయిట్ ఫర్ హిమ్’ అని రాసుకుంటే క్రియ, దానికి కావలసిన ప్రిపొజిషన్, సర్వనామం కూర్చునే చోటు మూడూ ఒకేసారి చేతికి వస్తాయి. పెద్ద నామవాచకం పెడితే దాగిపోయే నిర్మాణాన్ని చిన్న సర్వనామం బయటపెడుతుంది. ఇది ఎలా పనిచేస్తుందో మీ మూడవ వాక్యంతో మొదలుపెట్టి చూపిస్తాను, ఎందుకంటే అన్నిటికంటే లోతైన విషయం అక్కడే ఉంది.

ఈ రెండు వాక్యాలను చూడండి: ‘హి ర్యాన్ అప్ ది హిల్’, ‘హి ర్యాన్ అప్ ఎ బిల్’. మొదటిదానికి అతడు కొండ మీదికి పరుగెత్తాడని అర్థం. రెండవదానికి అతడు బాకీ పెంచుకుంటూ పోయాడని అర్థం. పైకి చూస్తే మాటల వరుసలో తేడా ఏమీ లేదు. ఇప్పుడు కొండ స్థానంలో, బిల్లు స్థానంలో ‘ఇట్’ పెట్టండి. మొదటిది ‘హి ర్యాన్ అప్ ఇట్’ అవుతుంది, రెండవది ‘హి ర్యాన్ ఇట్ అప్’ అవుతుంది. తారుమారు చేస్తే రెండూ చెడిపోతాయి. మొదటి వాక్యంలో ‘అప్’ కొండకు చెందినది, అంటే అది నిజమైన ప్రిపొజిషన్. మన విభక్తి పేరును ఎలా వదలదో అది కూడా తన నామవాచకాన్ని అలాగే వదలదు. రెండవ వాక్యంలో ‘అప్’ క్రియకు చెందినది. ‘రన్’, ‘అప్’ రెండూ కలిసి ఒకే క్రియగా మారాయి, బిల్లు ఆ జంట మొత్తానికి కర్మ. క్రియకు చెందిన ఇలాంటి చిన్న మాటను వ్యాకర్తలు పార్టికల్ అంటారు. రూపం ఒకటే అయినా పని వేరు.

మీ ‘ఫిల్ ఇన్’ ఈ రెండవ తెగది. నామవాచకంతో అయితే ‘ఫిల్ ఇన్ ది ఫారమ్’ అన్నా ‘ఫిల్ ది ఫారమ్ ఇన్’ అన్నా రెండూ ఒప్పే కనుక, చదివేటప్పుడు ఈ తేడా మన కంటికి ఆనదు. సర్వనామం వచ్చినప్పుడు మాత్రం ఒకే దారి ఉంటుంది, ‘ఫిల్ ఇట్ ఇన్’. ‘టర్న్ ఇట్ ఆన్’, ‘పిక్ హిమ్ అప్’, ‘గివ్ ఇట్ అప్’, ‘రైట్ ఇట్ డౌన్’, ‘పుట్ దెమ్ అవే’ అన్నీ ఇదే తెగ. ‘లుక్ ఎట్ ఇట్’, ‘లుక్ ఆఫ్టర్ హిమ్’, ‘లిజన్ టు హర్’, ‘వెయిట్ ఫర్ దెమ్’ మొదటి తెగ.

సర్వనామం మధ్యలోనే ఎందుకు కూర్చోవాలి? ఇంగ్లీషు వాక్యంలో కొత్తగా చెబుతున్న విషయం సాధారణంగా చివరికి జరుగుతుంది, గొంతు అక్కడ కాస్త బరువుగా ఆనుతుంది. ‘ఇట్’ అన్నది వినేవాడికి ముందే తెలిసిన వస్తువు. అందులో కొత్తదనం లేదు, పలికేటప్పుడు బరువూ ఉండదు. కాబట్టి అది క్రియకు ఆనుకొని గబుక్కున పలికే చోట ఇముడుతుంది, అర్థాన్ని మోసే ‘ఆన్’, ‘అప్’, ‘ఇన్’ చివర నిలిచి ఊనిక పొందుతాయి. ‘టర్న్ ఇట్ ఆన్’ అన్నప్పుడు ‘ఆన్’ స్పష్టంగా వినపడుతుంది. ‘లుక్ ఎట్ ఇట్’ అన్నప్పుడు ‘లుక్’ మాత్రమే గట్టిగా వినపడి, ‘ఎట్ ఇట్’ రెండూ కలిసి చిన్నబోతాయి. రేడియో గానీ సంభాషణ గానీ వినేటప్పుడు ఈ ఊనికను పట్టుకోగలిగితే, క్రియ ఏ తెగదో పుస్తకం చూడకుండానే తెలిసిపోతుంది. బయటికి గట్టిగా చదవమని నేను ఇంతగా పట్టుబట్టేది ఇందుకే.

ఇక్కడ ఒక తప్పుడు సూత్రం ప్రచారంలో ఉంది, దాన్ని వదిలించుకోవాలి. రెండు మాటలు కలిసి కొత్త అర్థం ఇస్తే సర్వనామం మధ్యలోకి వస్తుందని కొందరు బోధిస్తారు. అది నిజం కాదు. ‘గెట్ ఓవర్ ఇట్’ అంటే దాని నుంచి కోలుకోవడం, ‘కమ్ ఎక్రాస్ ఇట్’ అంటే అనుకోకుండా అది కంటపడటం, ‘రన్ ఇంటూ హిమ్’ అంటే అనుకోకుండా అతడు ఎదురుపడటం. మూడింటిలోనూ అర్థం మాటలకు దూరంగా వెళ్లిపోయింది, అయినా సర్వనామం చివరనే ఉంది. అర్థాన్ని బట్టి తెగను ఊహించలేం. పైగా ఒకే జంట రెండు తెగల్లోనూ ఉండి రెండు అర్థాలు ఇవ్వవచ్చు. ‘ఐ సా త్రూ హిమ్’ అంటే అతడి నటన నాకు అర్థమైపోయింది, నేను మోసపోలేదు అని. ‘ఐ సా హిమ్ త్రూ’ అంటే కష్టకాలంలో అతడికి అండగా నిలిచి గట్టెక్కించాను అని. ఒక చిన్న సర్వనామం అటు నుంచి ఇటు జరిగితే అనుమానం ఆదరణగా మారిపోయింది. అలాగే ‘టర్న్ ఇట్ ఆన్’ అంటే దాన్ని పనిచేయించడం, ‘ది డాగ్ టర్న్‌డ్ ఆన్ హిమ్’ అంటే కుక్క అతడి మీదే తిరగబడింది అని.

మూడు మాటల క్రియలు వినడానికి భయపెడతాయి గానీ వాటిలో చిక్కు తక్కువ. ‘పుట్ అప్ విత్ ఇట్’ అంటే దాన్ని సహించడం, ‘లుక్ అప్ టు హిమ్’ అంటే అతడిని గౌరవభావంతో చూడటం. ఇక్కడ చివరి మాట ఎప్పుడూ నిజమైన ప్రిపొజిషనే కాబట్టి సర్వనామం ఎప్పుడూ దాని తరువాతే వస్తుంది. ఈ విషయంలో మీరు కష్టపడుతున్నారని బాధపడకండి. 1755లో వెలువడిన తన ఇంగ్లీషు నిఘంటువు పీఠికలోనే శామ్యూల్ జాన్సన్, క్రియ వెనుక చిన్న మాటను చేర్చి అర్థం మార్చే ఈ పద్ధతి విదేశీయులకు అన్నిటికంటే ఎక్కువ కష్టం కలిగిస్తుందని ఒప్పుకున్నాడు.

ఇప్పుడు మొదటి వాక్యం. ‘టెల్ మీ’, ‘ఎక్స్‌ప్లెయిన్ టు మీ’ అన్న తేడా వెనుక ఇంగ్లీషు చరిత్ర ఉంది, అది తెలిస్తే ఈ తేడా అన్యాయంగా అనిపించదు. సుమారు 1100 వరకు ఉన్న పాత ఇంగ్లీషుకు కూడా మనలాగే విభక్తి రూపాలు ఉండేవి. ‘అతన్ని’ అనడానికి ‘హినె’, ‘అతనికి’ అనడానికి ‘హిమ్’ అనే వేరువేరు మాటలు ఉండేవి. కాలక్రమంలో పదాల చివరి ప్రత్యయాలు అరిగిపోయాయి, ‘హినె’ మాయమైంది, ‘హిమ్’ రెండు పనులనూ మీద వేసుకుంది. ప్రత్యయాలు చేసిన పనిని పదాల వరుస, ప్రిపొజిషన్లు పంచుకున్నాయి. అయితే ‘గివ్’, ‘టెల్’, ‘షో’, ‘సెండ్’, ‘టీచ్’, ‘లెండ్’ వంటి పాత ఇంటి క్రియలు తమ పాత అలవాటును వదలలేదు. ‘టెల్ మీ’ అన్నప్పుడు ఆ ‘మీ’ నిజానికి ‘నాకు’ అన్న పాత రూపమే. అందులో ‘కు’ అప్పటికే ఉంది కాబట్టి వేరే ‘టు’ అవసరం లేదు. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తరువాత ఫ్రెంచి నుంచి, ఆ తరువాతి శతాబ్దాల్లో నేరుగా లాటిన్ నుంచి వచ్చిన క్రియలకు ఈ పాత అలవాటు అబ్బలేదు. ‘ఎక్స్‌ప్లెయిన్’, ‘డిస్క్రైబ్’, ‘సజెస్ట్’, ‘అనౌన్స్’ వంటివి ఆ కోవలోవి. అవి మనిషిని చెప్పాలంటే ‘టు’ను తెచ్చుకుంటాయి: ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ’, ‘డిస్క్రైబ్ ఇట్ టు హర్’. ‘సజెస్ట్ మీ ఎ గుడ్ బుక్’ అని మనవాళ్లు తరచు రాస్తారు. అది కూడా ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ లాంటి తప్పే.

ఇది మొగ్గు మాత్రమేనని, శాసనం కాదని గుర్తుంచుకోవాలి. ‘ప్రామిస్’, ‘ఆఫర్’ బయటి నుంచి వచ్చిన మాటలే అయినా ‘హి ప్రామిస్డ్ మీ’, ‘షి ఆఫర్డ్ హిమ్ ఇట్’ అనడంలో తప్పు లేదు. ‘సే’ అచ్చమైన ఇంటి మాట అయినా దానికి ‘టు’ కావాలి: ‘హి సెడ్ ఇట్ టు మీ’. అందుకే ‘సే’, ‘టెల్’ రెండింటినీ పక్కపక్కనే, ‘సే ఇట్ టు హిమ్’, ‘టెల్ హిమ్’ అని రాసుకోమంటాను. ఇక రెండు సర్వనామాలూ ఒకేసారి వచ్చినప్పుడు ‘గివ్ మీ ఇట్’ అన్నది కొందరి మాటలో వినపడుతుంది గానీ, రాతలో ‘గివ్ ఇట్ టు మీ’ అన్నదే నిలకడైన దారి.

రెండవ వాక్యంలో మన పొరపాటు ‘గురించి’ అన్న మాట నుంచి వచ్చింది. దాని గురించి చర్చించాం కాబట్టి ‘డిస్కస్డ్ ఎబౌట్ ఇట్’ అనుకుంటాం. కానీ ‘గురించి’ అన్న అర్థం ‘డిస్కస్’ అన్న క్రియలోనే ఇమిడి ఉంది. దాన్ని మళ్లీ బయట పెడితే ఒకే మాటను రెండుసార్లు చెప్పినట్టు అవుతుంది. ఈ తప్పుకు మరొక కారణం కూడా ఉంది, పుస్తకాల్లో దాన్ని తగినంతగా చెప్పరు. అదే మాట నామవాచకంగా ఉన్నప్పుడు ప్రిపొజిషన్ నిజంగానే వస్తుంది. ‘ఎ డిస్కషన్ ఎబౌట్ ఇట్’ సరైనది. ‘ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్’ సరైనది, కానీ క్రియగా ‘ఐ రిక్వెస్ట్ లీవ్’ అనాలి. ‘యాన్ ఆన్సర్ టు ఇట్’, ‘ఆన్సర్ ఇట్’. ‘ఎంఫసిస్ ఆన్ ఇట్’, ‘ఎంఫసైజ్ ఇట్’. ‘మ్యారేజ్ టు హిమ్’, ‘మ్యారీ హిమ్’. నామవాచకం దగ్గర చూసిన ప్రిపొజిషన్‌ను మన మనసు క్రియ దగ్గరికి మోసుకువస్తుంది. ఇంగ్లీషు చదివే అలవాటు ఎక్కువగా ఉన్నవాళ్లే ఈ తప్పు ఎక్కువగా చేయడం నేను గమనించాను, ఎందుకంటే వాళ్ల కంటికి ఆ నామవాచక రూపాలు ఎక్కువగా పడి ఉంటాయి. మీ వాక్యంలోని ‘విత్ హిమ్’ మాత్రం సరైనదే, దాన్ని అలాగే ఉంచండి: ‘వి డిస్కస్డ్ ఇట్ విత్ హిమ్’.

మీరు అడగకపోయినా దీనికి ఆనుకొని ఉన్న ఒక అందమైన విషయాన్ని చెప్పాలనిపిస్తోంది. కొన్ని క్రియలు ప్రిపొజిషన్‌తోనూ, లేకుండానూ వస్తాయి. అప్పుడు అర్థం మారుతుంది, ఆ మార్పులో ఒక క్రమం ఉంది. ‘హి షాట్ హిమ్’ అంటే గుండు అతనికి తగిలింది. ‘హి షాట్ ఎట్ హిమ్’ అంటే అతని వైపు గురిపెట్టి కాల్చాడు, తగిలిందో లేదో ఆ వాక్యం చెప్పదు. ‘ఐ నో హిమ్’ అంటే అతనితో నాకు పరిచయం ఉంది, ‘ఐ నో ఆఫ్ హిమ్’ అంటే అలాంటి మనిషి ఉన్నాడని మాత్రం తెలుసు. ‘ఐ హర్డ్ హిమ్’ అంటే అతని గొంతు నా చెవిన పడింది. ‘ఐ హర్డ్ ఆఫ్ హిమ్’ అంటే అతని పేరు ఎవరి నోటనో విన్నాను. ‘ఐ హర్డ్ ఫ్రమ్ హిమ్’ అంటే అతని నుంచి కబురు అందింది. ‘ఐ బిలీవ్ హిమ్’ అంటే అతడు ఇప్పుడు చెప్పిన మాటను నమ్ముతున్నాను, ‘ఐ బిలీవ్ ఇన్ హిమ్’ అంటే అతడి శక్తి మీద, నిజాయితీ మీద నాకు నమ్మకం ఉంది. చాలా చోట్ల సర్వనామం క్రియను నేరుగా తాకితే పని ఆ మనిషిని నేరుగా తాకినట్టు ఉంటుంది. మధ్యలో ప్రిపొజిషన్ చేరితే వాళ్లిద్దరి మధ్య కొంత ఎడం ఏర్పడుతుంది.

‘ఎట్’, ‘టు’ అన్న రెండింటి తేడా కూడా ఇలాగే కళ్లకు కడుతుంది. బంతిని ‘త్రో ఇట్ టు హిమ్’ అంటే అతడు పట్టుకోవాలని విసరడం, ‘త్రో ఇట్ ఎట్ హిమ్’ అంటే అతనికి తగలాలని విసరడం. ‘షౌట్ టు హిమ్’ అంటే దూరంగా ఉన్నవాడికి వినపడేలా కేకేయడం, ‘షౌట్ ఎట్ హిమ్’ అంటే అతని మీద అరవడం. ‘టు’ చేరవేస్తుంది, ‘ఎట్’ గురిపెడుతుంది. ‘లాఫ్ ఎట్ హిమ్’, ‘పాయింట్ ఎట్ హిమ్’ అన్నవాటిలో కూడా ఆ గురి కనిపిస్తుంది. ఉత్తరాల్లో ఈ తేడా చాలా ముఖ్యం. ఒకాయన వివరణ పత్రంలో తన సహోద్యోగిని దూరం నుంచి పిలిచానని చెప్పబోయి ‘షౌటెడ్ ఎట్ హిమ్’ అని రాశారు, చదివినవాళ్లు దాన్ని తిట్టినట్టుగా అర్థం చేసుకున్నారు. ఆయన ఉద్దేశమేమిటో విడమరిచి చెప్పడానికి మరో ఉత్తరం రాయవలసి వచ్చింది.

ఒక మనిషి, ఒక వస్తువు రెండూ అవసరమయ్యే క్రియల్లో ఎవరు ముందు వస్తారో కూడా క్రియే చెబుతుంది. ‘రాబ్’ మనిషిని ముందు పెడుతుంది, ‘స్టీల్’ వస్తువును ముందు పెడుతుంది: ‘దే రాబ్డ్ హిమ్ ఆఫ్ ఇట్’, ‘దే స్టోల్ ఇట్ ఫ్రమ్ హిమ్’. ‘బ్లేమ్’ రెండు విధాలుగానూ వస్తుంది గానీ ప్రిపొజిషన్ మారుతుంది: ‘బ్లేమ్ హిమ్ ఫర్ ఇట్’, ‘బ్లేమ్ ఇట్ ఆన్ హిమ్’. ‘ఆస్క్ హిమ్ ఫర్ ఇట్’ అంటే అతని నుంచి దాన్ని కోరడం, ‘ఆస్క్ హిమ్ ఎబౌట్ ఇట్’ అంటే దాని సంగతి విచారించడం. తెలుగులో రెండింటికీ ‘అడగడం’ అన్న ఒక్క క్రియే ఉంది కాబట్టి ఈ జంటను ప్రత్యేకంగా నోటికి అలవాటు చేసుకోండి.

మీ నాలుగవ వాక్యానికి ‘ఇట్’ పరీక్ష చాలా సూటిగా జవాబిస్తుంది. ‘టు’ అన్నది ఇంగ్లీషులో రెండు వేషాలు వేస్తుంది. ‘ఐ వాంట్ టు గో’ అన్నప్పుడు అది క్రియకు ముందు వచ్చే గుర్తు. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు ఇట్’ అన్నప్పుడు అది నిజమైన ప్రిపొజిషన్. ఏది ఏదో తెలియాలంటే ఆ ‘టు’ తరువాత ‘ఇట్’ పెట్టి వాక్యాన్ని అక్కడితో ఆపి చూడండి. ‘ఐ వాంట్ టు ఇట్’ అన్నది వాక్యమే కాదు. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు ఇట్’ నిండైన వాక్యం. ‘ఇట్’ నిలవగలిగిన చోట క్రియను పెట్టవలసి వస్తే అది నామవాచకంలా మారాలి, అంటే దానికి ‘ఇంగ్’ చేరాలి. అందుకే ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు’ అనాలి. ‘ఐ యామ్ యూజ్డ్ టు ఇట్’ అనవచ్చు కనుక ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ ఎట్ నైట్’ అనాలి, అంటే నాకు అలవాటైంది అని. ‘ఐ యూజ్డ్ టు వర్క్ ఎట్ నైట్’ అంటే ఒకప్పుడు పనిచేసేవాడిని అని. అది వేరే నిర్మాణం, అక్కడ ‘ఇట్’ నిలవదు. ‘అబ్జెక్ట్ టు ఇట్’ అన్నది కూడా ఈ కోవలోదే. ఈ పరీక్షకు లొంగని మాటలు కొన్ని లేకపోలేదు. ‘అగ్రీ’ ముఖ్యమైనది. ‘ఐ అగ్రీడ్ టు ఇట్’ సరైనదే, అయినా ‘ఐ అగ్రీడ్ టు గో’ అంటారు. దాన్ని విడిగా గుర్తుపెట్టుకోండి.

మీ ఉత్తరంలో కనపడకపోయినా, మాట్లాడేటప్పుడు మన అందరి నోటా వచ్చే తప్పు ఒకటి ఉంది. తెలుగులో తెలిసిన కర్మను మళ్లీ చెప్పం. ‘ఫొటోలు పంపావా’ అంటే ‘పంపాను’ అంటాం. ‘నచ్చాయా’ అంటే ‘నచ్చాయి’ అంటాం. ఇంగ్లీషులో ఆ ఖాళీ ఉండకూడదు: ‘ఐ సెంట్ దెమ్’, ‘ఐ లైక్డ్ దెమ్’. ‘ఐ లైక్డ్’ అని ఆపేస్తే వినేవాడు మిగిలిన మాట కోసం ఎదురుచూస్తూ ఉండిపోతాడు. ‘యెస్, ఐ డిడ్’ అన్న పొట్టి జవాబుకు మాత్రం కర్మ అక్కర్లేదు, ఎందుకంటే అక్కడ అసలు క్రియనే చెప్పడం లేదు. ఆ సర్వనామం ఉందా లేదా అని వెతికే అలవాటు ఒక్కటి వస్తే మీ ఇంగ్లీషు కొద్ది వారాల్లోనే మారిపోతుందని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్నల్లో ప్రిపొజిషన్ కూడా ఇలాగే జారిపోతుంది. ‘ఎవరి కోసం చూస్తున్నావు’ అన్నప్పుడు ‘కోసం’ మన ప్రశ్నపదంతోనే ఉంటుంది. ఇంగ్లీషులో ‘హూ’ ముందుకు వెళ్లిపోయినా ‘ఫర్’ క్రియ దగ్గరే మిగిలిపోతుంది: ‘హూ ఆర్ యు వెయిటింగ్ ఫర్?’ చివర ప్రిపొజిషన్ ఉండకూడదని మీకు ఎవరైనా చెబితే వెనుకాడకండి. 1672లో డ్రైడెన్ అనే కవి ఆ ఆక్షేపణ చేశాడు గానీ, 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్ అది మామూలు సంభాషణకు తగిన పద్ధతేనని, గంభీరమైన రచనకు మాత్రం ప్రిపొజిషన్ ముందుకు రావడం మేలని అన్నాడు. నేటికీ ఆ తీర్పే సమంజసం.

ప్రిపొజిషన్ తరువాత సర్వనామం ‘మీ’, ‘హిమ్’, ‘దెమ్’ రూపంలోనే ఉంటుంది, పక్కన మరో మనిషి చేరినా మారదు. ‘ఫర్ హిమ్ అండ్ ఐ’ అని రాయాలనిపించినప్పుడు ‘హిమ్’ను తీసేసి ‘ఫర్ ఐ’ అని పలికి చూడండి. చెవే తప్పు చెబుతుంది.

వీటన్నిటినీ కంఠస్థం చేయాలా అని మీరు చివర అడిగారు. జాబితాలు బట్టీ పట్టవద్దు. రోజుకు మూడు క్రియలు తీసుకొని, ఒక్కొక్కదాన్ని ‘ఇట్’, ‘హిమ్’లతో కలిపి, మీ పనిలో నిజంగా వాడబోయే ఒక వాక్యంగా రాసుకొని, ఊనిక ఎక్కడ పడుతుందో వింటూ మూడుసార్లు బయటికి చదవండి. మొదటి పేజీలో మీ ఉత్తరంలోని వాక్యాలనే రాసుకోండి: ‘ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ ది ప్రాబ్లమ్ టు మీ’, ‘వి డిస్కస్డ్ ఇట్ విత్ హిమ్’, ‘ఐ హావ్ ది ఫారమ్, ఐ విల్ ఫిల్ ఇట్ ఇన్ టుడే’, ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు’. మూడవ వాక్యాన్ని అమెరికావాళ్లు ‘ఫిల్ ఇట్ అవుట్’ అంటారు. మీరు ఉత్తరం రాసేది వాళ్లకైతే అలాగే రాయండి. ‘ఇట్’ అప్పుడు కూడా మధ్యలోనే ఉంటుంది.